శవం లేచేదాకా

జర్మనీలో చనిపోవడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అక్కర్లేదు. దహనానికి కావాలి. అంతకుముందు రెండో డాక్టరు కూడా వచ్చి చూడాలి, ఆపైన కాగితాలు కదలాలి. స్టుట్‌గార్ట్‌లో మా మిత్రుడొకాయన గుండెపోటుతో పోయినప్పుడు, ఆ టెర్మిన్ తర్వాతి వారానికి దొరికింది. తొందరగానే దొరికిందని అందరూ అన్నారు.

ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్తాను. మా గోదావరి వైపు శవం లేచేదాకా ఇంట్లోవాళ్లు ముద్ద ముట్టరు. అక్కడ అది ఒక పూట మాట. ఆ ఆచారం పెట్టినవాళ్లు ఇక్కడి క్యూను ఊహించి ఉండరు. అక్క మాత్రం నీళ్లు, కాఫీ మీదే ఉంది. గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఏదైనా తినక్కా."

"ఆయన్ని ఫ్రిజ్‌లో పెట్టి నేను టిఫిన్ చెయ్యనా?"

నా మాస్టర్స్ డిగ్రీని పక్కన పెట్టి, ఇంకో కాఫీ కలిపాను.

శుక్రవారం ఫ్యూనరల్ హోమ్‌లో ఆఖరి చూపు. అక్క సంచిలో చిన్న డబ్బా, అందులో గుప్పెడు బియ్యం, ఆయన నోట్లో వేసి పంపడానికి. అక్కడి నిర్వాహకురాలు గుమ్మం దగ్గరే మర్యాదగా ఆపింది. శవం ఉన్న గదిలోకి తినేవి, తాగేవి తీసుకెళ్లకూడదట. పక్క గదిలో కాఫీ, కేకు ఇస్తారు. అవీ వాళ్లవే, బయటివి కుదరవు.

"ఇది ఆహారం కాదండీ, ఉడకలేదు," అన్నాను జర్మన్‌లో. అన్నేళ్ల చదువు చివరికి ఇలా పనికొచ్చింది.

ఆవిడ మూత తీసి, ఒక గింజను గోటితో నొక్కి చూసింది. "ఉడకనివాటి గురించి రూల్సులో ఏమీ లేదు," అని పక్కకు తప్పుకుంది.

ఆయన నోరు మూసేసి ఉంది. అక్క పెదవుల మీద బియ్యం పోసి, గింజలు జారిపోకుండా వేలితో సర్దింది. చాలాసేపు సర్దింది.

"నా వైపు నుంచి పంపేశాను తమ్ముడూ. మిగతాది వాళ్ల టెర్మిన్."

"మరి తింటావా?"

"స్నానం చెయ్యకుండానా?"

కారిడార్ చివరి తలుపు చూపించాను. అక్క వాష్‌రూమ్‌కి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని, తల మీద నీళ్లు చల్లుకుని, ఆ తడి మొహంతోనే వచ్చి పక్క గదిలో కూర్చుంది. కేకు ప్లేటు ముందుకు జరిపాను. ఒక ముక్క కొరికింది.

"ఏంట్రా ఇది, ఇసకలా ఉంది."

"బాగోకపోతే వదిలెయ్యక్కా."

"వదిలేస్తానని ఎవరన్నారు? ఇంకో ముక్క ఇటివ్వు."