కొండచిలువ పొదిగిన గోడ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ రోజుల్లో మా బీర్పూర్ వైపు చీకటి పడితే తలుపు కొట్టేది అన్నలో, పోలీసులో అని భయపడేవాళ్లం. దయ్యాలకు భయపడే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

మా ఆయన దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో నేను, అత్తమ్మ. ఇద్దరం బీడీలు చేసేవాళ్లం. వానాకాలం వస్తే ఆమె వేళ్లు బిగుసుకుపోయేవి. "ఇగ నాతోని కాదు" అని చాట పక్కన పెట్టి ఏడ్చేది.

ఒక ఏడు ముసురు పట్టిన రోజు ఆమె వెనక గోడకు ఆనుకుని కూర్చుంది.

"గోడ ఎచ్చగున్నది పిల్లా. చెయ్యి పెట్టి సూడు."

పెట్టాను. పొద్దంతా నానిన మట్టిగోడ, పసివాళ్ల ఒళ్లులా వెచ్చగా ఉంది.

గోడ అవతల గడ్డి కొట్టం. గడ్డి పక్కకు లాగి చూస్తే కొండచిలువ. గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఉండుండి ఒళ్లంతా వణుకుతోంది. ఒకప్పుడు అవి గుట్టల మీదే ఉండేవి. కాలువ వచ్చాక నీళ్ల వెంట పొలాల్లోకి, ఇళ్ల దాకా దిగాయి. మేకపిల్లలను మింగుతున్నాయని కనపడినదాన్నల్లా చంపుతున్నారు.

పక్కింట్లో వేరుగా ఉండే అత్తమ్మ పెద్దకొడుకు, మా బావగారు గొడ్డలి తెచ్చాడు. అత్తమ్మ కొట్టం ముందు అడ్డంగా కూర్చుంది.

"గుడ్ల మీదున్నది. ముట్టకు."

"మేకను మింగితే ఎట్లనే అవ్వా?"

"మింగితే నా మేకనే గద."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను మేకలను ముందు వాకిట్లో కట్టేశాను. అత్తమ్మ రోజూ ఆ గోడకే ఆనుకుని బీడీలు చేసింది. వేళ్లు సాగాయి. వానలు ముదిరేసరికి నాకంటే ముందే చాట నింపి, పాట అందుకునేది.

ఒక పొద్దున కొట్టంలో చీలిన గుడ్లు మాత్రమే ఉన్నాయి. కాలువ వైపు బురదలో సన్నని జాడలు.

తల్లి వణికి గుడ్లకు వేడి పుట్టిస్తుందని తర్వాత అటవీశాఖ ఆయన ఒకరు చెప్పారు. ఆ వేడి గోడ దాటి రాదన్నారు. సరే, దాటిందే అనుకుందాం. అది పోయాక కూడా చలికాలమంతా ఆ ఒక్క గోడే వెచ్చగా ఉంది. గడ్డి మురిగి వేడెక్కుతోందేమోనని కొట్టం మొత్తం ఖాళీ చేయించాను. అయినా అంతే.

సెలవు మీద వచ్చిన మా ఆయన ఇదంతా విని నవ్వాడు. "ఏందే మీ కథలు" అంటూ గోడకు వీపు ఆనించాడు. కాసేపటికి అక్కడే నిద్రపోయాడు. అత్తమ్మ చాట జరుపుకుని చోటిచ్చింది.

కారణం అడిగితే నేను ఇప్పటికీ చెప్పలేను. నిద్ర లేచాక ఆయన కూడా అడగలేదు.