జేమ్సు మామ ఇచ్చిన నల్ల పెట్టె

బుధవారం నాకు షాక్ కొట్టింది. అదీ స్కూల్లో కరెంటు లేనప్పుడు! నవ్వొద్దండి, మొత్తం విన్నాక నవ్వండి.

మా ఆవిడ మేనమామ జేమ్సు మామకి ఆళ్లగడ్డలో మోటార్లు రిపేరు చేసే షాపుండేది. మంగళవారం దాన్ని ఖాళీ చేస్తాంటే సాయం పోయినా. మామ నా చేతిలో ఒక పాత నల్ల పెట్టె పెట్టినాడు. పక్కన తిప్పే పిడి, పైన గాజు కింద ముల్లు, రెండు వైర్లు. అంకెల చివర ఎనిమిది అడ్డంగా పడుకోనుండాది. అది అనంతం గుర్తు. అంతవరకే నాకు తెలుసు.

"సైన్సు సారువి గదప్పా, నీకు నేను చెప్పేదేముంది? పెట్టుకో" అన్నాడు.

అంత మాటన్నాక 'ఇదేంది మామా' అని యాడ అడుగుతా?

నంద్యాల బస్సులో పక్క సీటు పెద్దాయన అడగనే అడిగినాడు, "ఏందన్నా అది?"

"విగ్రహాలు చెక్కే రాయి లోపల చీలికుంటే పట్టిస్తాది" అన్నా. ఆళ్లగడ్డ శిల్పులు వింటే నన్నే చెక్కేస్తారు! ఆయన మాత్రం నమ్మినాడు. నాకు ధైర్యమొచ్చింది.

మర్నాడు స్టాఫ్ రూములో తెలుగు మేడమ్‌కి వాన మిషనన్నా. "ముల్లు ఈ ఎనిమిది మీద నిలబడితే ఈ ఏడు వాన లేనట్టే మేడమ్!" పీఈటీ బాషా సారు "నిజం చెప్పు సార్" అన్నాడు. నిజం ఉంటే గదా చెప్పేది! "అబద్ధాలు పట్టే మిషన్, పాతకాలం పోలీసులది" అనేసినా.

మా హెచ్చెం మేరీ మేడమ్ అప్పుడే లోపలికొచ్చింది. "అట్లనా? ముందు మీరే పట్టుకోండి."

కరెంటే లేదు, భయమేముంది? రెండు చేతుల్తో రెండు వైర్లు పట్టుకున్నా. బాషా సారు పిడి గిరగిరా తిప్పుతాండాడు.

"ఇది ఏందో మీకు నిజంగా తెలుసా సార్?" అనింది మేడమ్.

"తెలుసు మేడ... అమ్మా!"

కుర్చీతో సహా వెనక్కి పడినా.

"పనిచేస్తాంది!" అని అరిచింది తెలుగు మేడమ్. లేపేవాళ్లు లేరు, అందరూ చప్పట్లు!

మామకి ఫోన్ చేసి జరిగింది చెప్పినా. "నాయనా, అది మెగ్గర్! మోటార్లో కరెంటు లీకవుతాందేమో చూసేది. పిడి తిప్పితే దాంట్లోనే కరెంటు పుడ్తాది. మనుషులకి పెడ్తారా యాడన్నా? ఉండు, వస్తాండా."

మధ్యాహ్నానికి బస్సు దిగినాడు. నా చేతులు తిప్పి తిప్పి చూసి, ఏం కాలేదని ఊపిరి పీల్చుకున్నాడు. మొహం కడుక్కుందామని కుళాయి ముట్టుకున్నోడు చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. అప్పటికి కరెంటొచ్చింది.

"ఇది జిమ్మంటాంది. ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు రోజులాయె" అనింది స్కూల్లో పనిచేసే ఆయమ్మ. "సారుకి చెప్తే నీరసముంటే అట్లే ఉంటాదన్నాడు."

ఆ సారు నేనే.

మామ మెయిన్ ఆపించి, బోరు మోటారు వైర్లు విప్పి, మెగ్గర్ తగిలించి పిడి తిప్పినాడు. ముల్లు సున్నా కాడ పడింది.

"మోటారు లోపల తీగ చుట్ట, వైండింగు, కాలింది. కరెంటు పైపులోకి వస్తాంది. పిల్లోళ్లు తడి చేతుల్తో గట్టిగా పట్టుకోనుంటే..." ఆపేసినాడు.

పిల్లోళ్లందరూ నీళ్లు తాగేది ఆడనే. నాకు కండ్లల్లో నీళ్లొచ్చినాయి. ఆ పెట్టె ఇచ్చినందుకో, నాకు షాక్ కొట్టినందుకో, మామ పరిగెత్తుకొచ్చినందుకో, దేనికని థ్యాంక్స్ చెప్పాలి? ఆయన చేతులు పట్టుకొని, "నన్ను తిట్టు మామా" అన్నా.

"తిట్టేది తర్వాత. స్క్రూడ్రైవర్ ఇయ్యి."

శుక్రవారం మేరీ మేడమ్ మామనే పిలిపించి ఎనిమిదో తరగతికి మెగ్గర్ పాఠం చెప్పించింది. నేను వెనక బెంచీలో కూచోని నోట్స్ రాసుకున్నా. ఆఖర్న మామ ప్రశ్న అడిగితే చెయ్యెత్తింది ఇద్దరమే. నేనూ, నా పక్కన శిరీష అనే పాప.

"అల్లుడూ, నువ్వు దించు. పాపా, నువ్వు చెప్పమ్మా" అన్నాడు మామ.

దించేసినా. ఆ పాప కరెక్టుగా చెప్పింది. నేను చెప్పబోయిందైతే తప్పే!