స్వస్థలం దయచేయుము

నా కిడ్నీలో గడ్డ ఉందని తేలిన మర్నాటికే పోర్ట్ బ్లెయిర్‌లోని మా హాడో క్వార్టర్స్‌లో ప్రతివాడూ డాక్టరైపోయాడు. ఒకాయన ఉప్పు మానేయమన్నాడు, ఒకావిడ నోని రసం సీసా పట్టుకొచ్చింది. వాళ్ళనైనా భరించొచ్చు. నా చిన్ననాటి స్నేహితుణ్ణి చూపించి నీతులు చెప్పేవాళ్ళతోనే వచ్చింది చిక్కు. పోలియోతో చిన్నప్పుడే వాడి కాళ్ళు రెండూ చచ్చుబడిపోయాయి. అలాంటివాడే దేవుణ్ణి నమ్ముకుని హాయిగా ఉన్నాడు, రెండు కాళ్ళూ బాగున్న నీకేం వచ్చిందని అడిగేవారు. గడ్డ వచ్చింది కిడ్నీలో మహాప్రభో, కాళ్ళలో కాదు.

వాడు మాత్రం ఒక్క నీతీ చెప్పలేదు. అంతకంటే ఘోరం, రోజూ సాయంత్రం వచ్చి ప్రార్థన చేసేవాడు. పక్క చక్రాలు బిగించిన వాడి స్కూటర్ చప్పుడు వినబడగానే మా ఆవిడ టీ పెట్టేది, నేను నిద్ర నటించేవాణ్ణి. చంకకర్రలతో గుమ్మమెక్కి, నా మంచం పక్కన కూర్చుని పుస్తకం తెరిచేవాడు.

ఇద్దరం ఇక్కడే పుట్టాం, హిందీ మీడియంలో చదివాం. మా నాన్న బెత్తం పుచ్చుకుని నాకు తెలుగు నేర్పాడు. ఆ భాగ్యం వాడికి దక్కలేదు. చర్చిలో ఇచ్చిన పుస్తకం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. మొదటిరోజే, "ప్రభువా, ఈ రోగికి స్వస్థలం దయచేయుము" అన్నాడు. అక్కడున్నది స్వస్థత. రోగం తగ్గించమనాల్సినవాడు దేవుడికి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టాడు. నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను. చెబితే దిద్దుకుంటాడు, నాకున్న ఒక్క వినోదమూ పోతుంది. అందుకే ఊరుకున్నాను. రోజూ అదే తప్పు, రోజూ అదే దగ్గు.

ఈలోగా అసలు డాక్టర్లు విశాఖ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమన్నారు, నెల దాటితే లాభం లేదన్నారు. సెలవు దొరకదని, వానల్లో విమానం ఊగుతుందని మా ఆవిడకి సాకులు చెప్పాను. అసలు సంగతి భయం. ఎవరూ ఎరగని ఊళ్ళో, ఆస్పత్రి మంచం మీద పోతానని భయం.

ఆ సాయంత్రం వాడు మళ్ళీ స్వస్థలం దయచేయమన్నప్పుడు దగ్గు రాలేదు. నాకు కావలసింది సరిగ్గా అదే. తిరిగొస్తానంటావా అని అడిగాను, చిన్నపిల్లాడిలా.

"వస్తావ్. అడిగాను కదా. ఎయిర్‌పోర్ట్‌కి స్కూటర్ తెస్తా."

వాతావరణ సూచన చెప్పినంత మామూలుగా చెప్పాడు. దేవుడి మీద నాకు నమ్మకం లేదు గానీ, వాడి మాట మీద టికెట్లు కొన్నాను. విశాఖ ఆస్పత్రి ఫారంలో స్వస్థలం అన్నచోట, పుట్టి బుద్ధెరిగాక ప్రతి ఫారంలోనూ శ్రీకాకుళంలోని మా నాన్న ఊరు రాసిన నేను, హాడో అని రాశాను.

ఒక కిడ్నీతో తిరిగొచ్చాను. పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్ట్ బయట, చెప్పినట్టే, స్కూటర్ మీద ఉన్నాడు. సామాన్లతో మా ఆవిడ ఆటో ఎక్కింది, నేను వాడి వెనక కూర్చున్నాను. ఇక ఆగలేక, అది స్వస్థలం కాదురా, స్వస్థత అని చెప్పేశాను.

"మాలూమ్ హై యార్. పాస్టరమ్మ రెండోరోజే చెప్పింది."

మరెందుకు దిద్దుకోలేదని అడిగాను.

"ఎలా చదివినా దేవుడికి అర్థమవుద్ది. నువ్వు నవ్వేది ఆ ఒక్క ముక్కకే కదా."

హాడో దాకా వాడి వీపు వెనక ఏడుస్తూనే వచ్చాను. ఏడుపు వినబడకుండా దగ్గాను. ఆ దగ్గుని వాడు ఏనాడూ నమ్మలేదని అప్పటికి తెలిసింది.