హన్మకొండ గదిలో ఒక్క సెట్టు, ముగ్గురు ఆపరేటర్లు

ఆ రోజుల్లో గాలిలో మాట్లాడాలన్నా వంతు రావాలి అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మొన్న మా మేనల్లుడు (కంప్యూటర్ల లోపల నడిచే కోడ్ ఏదో రాస్తుంటాడు) తన పని గురించి చెబుతూ, "రేడియో ఒక్కటే ఉంటది మామా. దానికే మూడు నాలుగు పేర్లు పెట్టి మూడు నాలుగు మిషన్ల లెక్క నడిపిస్తం. ఒక పేరు కోసం ఛానెల్ మారిస్తే మిగిలినయన్ని ఆగమైతయి. అది సంభాళించుడే నా పని" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వాడికి కోపం వచ్చింది. ఏం చెప్పను? ఆ పని ఎనభైల మొదట్లో, కంప్యూటర్‌ని కంటితో చూడకముందే, హన్మకొండలో నేనొక్కణ్నే నోటితో చేశాను. బాగా చేశానని మాత్రం అనను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రేడియో రిపేరు కోర్సు చదివి, చెరువులూ కాలువలూ చూసే ఒక ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరాను. చేరాను అంటే వానలున్నన్నాళ్లే పని. దసరా రాగానే "ఇగ ఇంటికి పో" అంటారు. పెద్ద సారు దయతలచి ఒక కాగితం మీద సంతకం పెడితేనే పర్మినెంటు. మా అమ్మ మాత్రం అంతదాకా ఆగకుండా, కొడుకు వైర్‌లెస్ ఆఫీసరయ్యాడని వాడకట్టంతా చెప్పేసింది. అందుకని ఆ సంతకం నాకు అన్నం కంటే ముఖ్యమైపోయింది.

మా గదిలో ఇనప్పెట్టెలాంటి సెట్టు ఒకటి, దాని మీద ఛానెళ్లు మార్చే నాబ్ ఒకటి ఉండేవి. ఒకటో ఛానెల్లో ములుగు, రెండో దాంట్లో పరకాల, మూడో దాంట్లో స్టేషన్ ఘన్‌పూర్. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడకుండా అట్లా పంచారు. చిక్కేమిటంటే, నాబ్ ములుగు మీద ఉంటే పరకాల వాళ్లు గొంతు చించుకున్నా ఇక్కడ వినపడదు. నాకు పని నేర్పిన మిలిట్రీ సారు (ఫౌజులో వైర్‌లెస్ నడిపి వచ్చిన మనిషి, బూట్లతోనే పుట్టినట్టుండేవాడు) మొదటి రోజే చెప్పాడు. "ఇనుర బై, ఒకని తానికి పోయే ముందు మిగిలిన ఇద్దరికి చెప్పి పోవాలె. ఫలానా తాన పోతాన, పది నిమిషాలల్ల వస్త అని. చెప్పకుంట పోయినవనుకో, వాళ్ల లెక్కల నువ్వు సచ్చినట్టే."

బంగారంలాంటి మాట. కానీ నా ధీమా నాది. నాబ్ తిప్పడంలో నా వేలు ఎంత చురుకంటే, వీళ్లందరికీ చెప్పిపోవడం టైము దండగ అనిపించింది. పైగా చెబితే గొడవ. ములుగులో సెట్టు దగ్గరుండే అన్న "ఎప్పుడు జూడు పరకాలోల్లతోనే ముచ్చట్లాయె, మేం మనుషులం కాదా?" అని అలిగేవాడు. ఒకరోజు ఆయన్ని చల్లబరచడానికి, గొంతు బరువుగా చేసి, "అన్నా, ఇంతకుముందు మాట్లాడినోడు వేరేటోడు. ఇగ నుంచి ములుగుకు నేనే, నీకోసమే పెట్టిన్రు" అన్నాను. అన్న మురిసిపోయాడు. నాకది ఎంత నచ్చిందంటే, వారం తిరక్కుండా ఘన్‌పూర్‌కు ముక్కుతో మాట్లాడే ఒక ఆపరేటరును, పరకాలకు మెత్తగా మాట్లాడే ఒక పిల్లవాణ్ని తయారు చేసి పెట్టాను.

ముగ్గురికీ మూడు సాకులు కూడా ఉండేవి. పిలిచినప్పుడు పలకలేదేమని అడిగితే ములుగు ఆపరేటరు ఛాయ్‌కి పోయుండేవాడు, ఘన్‌పూర్ వాణ్ని సారు పిలిచుండేవాడు. పరకాల పిల్లవాడికి మాత్రం కడుపు బాగుండేది కాదు. ఎందుకంటే పరకాలలో సెట్టు దగ్గరుండే ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ని, పెద్ద మనిషి, ఛాయ్ అంటే "గంట గంటకు ఛాయేందిరా" అనే రకం. కడుపు అంటే పాపం నోరెత్తేవాడు కాదు. ఒకసారి బస్సు కండక్టరు చేత వాము కషాయం సీసా పంపించాడు. అది నిజంగా తాగి, ఆ సాయంత్రం నిజంగానే సెట్టు వదిలి పరుగెత్తాను.

ఒక మధ్యాహ్నం కుండపోత వాన. నేను ములుగు అన్నతో జీపు టైరు పంక్చరు గురించి బరువు గొంతుతో తీరుబడిగా మాట్లాడుతున్నాను. ఎందుకో నాబ్ పరకాల వైపు తిప్పేసరికి కాక గొంతు బొంగురుపోయి వినపడింది. "హన్మకొండా, హన్మకొండా... చెరువు కట్టకు బుంగ పడ్డది, ఇసుక బస్తాలు పంపియ్యాలె... అరె ఎవలన్న ఇంటాన్రా?" ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో! బస్తాలు పంపించే ఏర్పాటు అయ్యేలోపే ఊరి వాళ్లు గడ్డీ మట్టీ తొక్కి బుంగ పూడ్చేశారు. కట్ట నిలిచింది, పంటలు నిలిచాయి. ఆలస్యమెందుకైందని కాక అడిగితే, సిగ్గులేకుండా మళ్లీ కడుపే చెప్పాను.

కాక నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా మీద జాలిపడి పెద్ద సారుకు కాగితం రాశాడు. నాలుగు రోజులకు పెద్ద సారు ఆ కాగితంతోనే మా గదిలోకి వచ్చాడు. వెనక మిలిట్రీ సారు.

"పరకాల చూసే పిల్లగానికి కడుపుల బాగలేదట. పెద్ద దవాఖానల చూపియ్యి, అందాక ములుగు చూసేటాయననో, ఘన్‌పూర్ చూసేటాయననో ఆ జాగల కూసోబెట్టు అని రాసిండు. నేనైతే ఒక్కన్నే పెట్టిన. మిగిలిన ఇద్దరేరి?" అన్నాడు సారు.

ఇంకెవరైనా అయితే అక్కడే కాళ్ల మీద పడేవారు. నేను మాత్రం "తిననీకి పోయిన్రు సార్" అన్నాను.

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచిది. వాళ్లు వచ్చేదాంక, మూడూళ్లను ఒక్కసారే పిలువు. వాళ్లనే అడుగుదం."

మూడు ఛానెళ్లలో ఉన్న వాళ్లను ఒక్కసారి పిలవడం ఎట్లా? మిలిట్రీ సారే దారి చెప్పాడు, ముగ్గుర్నీ ఒకటో ఛానెల్‌కు రమ్మనమని. నేను గోడ వైపు తిరిగి, పెద్ద సారు నా వీపు వెనక వింటుండగా, పరకాలకు మెత్తగా, ఘన్‌పూర్‌కు ముక్కుతో, ములుగుకు బరువుగా కబురు చెప్పాను.

ముగ్గురూ ఒకే ఛానెల్లోకి వచ్చారు. ఇక చూడండి!

"మా ఆపరేటర్ ఏడి? బరువు గొంతాయన?" అని ములుగు.

"గాయనెవ్వలు? ముక్కుతోని మాట్లాడేటోడు గద ఉండేది!" అని ఘన్‌పూర్.

"మీ లొల్లి పాడుగాను! జర ఆగున్రి. నా పిల్లగానికెట్లున్నది? ఓ బిడ్డా, ఉన్నవా? ఓవర్" అని కాక.

మైకు నా చేతిలో ఉంది. ముగ్గురికీ ఒకేసారి వినపడుతుంది కాబట్టి ఏ గొంతుతో మాట్లాడినా ఇద్దరికి దొరికిపోతాను. జీవితంలో మొదటిసారి ఏ సాకూ తోచలేదు. బుంగ పడ్డ రోజు కాక బొంగురు గొంతు చెవుల్లో మోగింది. బొత్తాం నొక్కాను. "ముగ్గురు లేరు కాకా. నేనొక్కన్నే. నాకు కడుపునొప్పి ఎన్నడు లేదు. ఆ దినం నువ్వు పిలుస్తాంటే నేను ములుగు ఛానెల్ల ముచ్చట పెడుతున్న. తప్పు నాది. ఓవర్." నాలుగో గొంతు ఒకటి బయటికొచ్చింది. అది ముగ్గురిలో ఎవరి గొంతూ కాదు.

ఉద్యోగం పోయిందని అర్థమైంది. మా అమ్మ వాడకట్టుకు ఏం చెప్పుకుంటుందా అనుకుంటున్నాను. అప్పుడు కాక అన్నాడు.

"ఇన్నొద్దులు మూడూళ్లను ఒక్కనివే సంభాళించినవా బిడ్డా? మరి పొద్దుగాల్నుంచి అన్నమన్న తిన్నవా, లేదా? ఓవర్."

నేను ఏడ్చేశాను. ఇరవై రెండేళ్ల మొగోణ్ని, ఇద్దరు సార్ల ముందు, మైకు పట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాను.

పెద్ద సారు లేచి నిలబడ్డాడు. "ఇగ నుంచి అందరు ఒక్కటే ఛానెల్. వంతుల వారీగ మాట్లాడాలె" అని మిలిట్రీ సారుకు చెప్పి, నా వైపు తిరిగాడు. "ఆ ముగ్గుర్నీ ఇయ్యాల్నే తీసేస్తాన. ఆఖరికి మాట్లాడినోడు ఉండనీ." దసరా ముందు సంతకం పెట్టాడు.

ఆ కుర్రవాడి ధీమా ఇప్పుడు తలచుకుంటే ముచ్చటేస్తుంది. మూడు గొంతులూ ఇప్పటికీ వచ్చు, పెళ్లిళ్లలో అడిగితే చేసి చూపిస్తాను, అందరూ నవ్వుతారు. ఆ నాలుగో గొంతు మాత్రం ఎంత ప్రయత్నించినా మళ్లీ రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగమూ దానికే ఇచ్చారు.