భావనపాడు ఉప్పుటేట్లో నా చేత్తో లాగిన ఎర్ర తాడు

ఈ ప్రయాణం "రావులే" అన్న ఒక్క మాటతో మొదలైంది. టెక్కలిలో ఉండే మా తమ్ముడు శాం ఇద్దరు కూర్చునే పాత కయాక్ ఒకటి కొన్నాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసి, భావనపాడు ఉప్పుటేట్లో ఎంత దూరం వెళ్ళొచ్చాడో చెప్పి, చివర్లో "నువ్వెలాగా రావులే అక్కా" అనేవాడు. ఆ ఎగతాళికి కారణం లేకపోలేదు. నా పదిహేనో ఏట మా ఊరి కాలవలో బాప్తిస్మం ఇస్తుంటే, పాస్టరు గారు ముక్కు మూసి వెనక్కి వంచేసరికి నేను ఆయన్ని తన్ని, తడి తెల్లచీరతో ఇంటిదాకా పరిగెత్తాను. తల పూర్తిగా మునగనే లేదు. "ఆ మాత్రం చాలులే" అని పాస్టరు గారు వదిలేశారు గానీ మా వాడు వదల్లేదు. అప్పటినుంచి వాడికి నేను "అరబాప్తిస్మం అక్క"ని. ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. ఈ రోజుకీ మొహం మీద నీళ్ళు పడితే ఊపిరాడదు. నాలుగో ఆదివారం మళ్ళీ "రావులే" అనగానే ఒళ్ళు మండింది. "వచ్చే నెల మొదటి శనివారం వస్తున్నాను, నీ పడవ కడిగి పెట్టుకో" అని ఫోన్ పెట్టేశాను.

ఈత రానిదాన్ని కాబట్టి ముందు లైఫ్ జాకెట్ సంగతి చూశాను. స్పాంజి జాకెట్ మా తమ్ముడి దగ్గరుంది. వేసుకుంటే తెడ్డు తిప్పడానికి భుజాలు ఆడవు, మన ఉక్కపోతలో చెమటకి వీపంతా చీదర. గాలితో ఉబ్బే రకం మెడచుట్టూ పట్టీలా పల్చగా ఉంటుంది, లోపల చిన్న గ్యాస్ సిలిండరుంటుంది. వీటిలో రెండు రకాలు. ఒకటి తాడు లాగితే ఉబ్బేది. రెండోది తడిస్తే చాలు, లోపలి బిళ్ళ కరిగి తనంతట తనే ఉబ్బేది. కయాక్‌లో నీళ్ళు చిందుతూనే ఉంటాయి, తాడు రకమే తీసుకోండని విశాఖలో కొట్టతను నెత్తీనోరూ బాదుకున్నాడు. నేను వింటేనా! భయంతో చెయ్యి కదలకపోతే ఎలాగని తనంతట తనే ఉబ్బేదే కొన్నాను. ఆరున్నర వేలు. విడి సిలిండర్లు రెండు, ఒక్కోటి ఎనిమిది వందలు. బిళ్ళ ఇంకోటి తీసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. ఇంటికొచ్చి, సిలిండరు విప్పి, పక్క గొట్టంలో నోటితో ఊది రాత్రంతా కుర్చీకి వేలాడదీశాను. తెల్లారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. గట్టిగానే ఉంది.

శనివారం ఉదయం ఐదున్నరకి విశాఖలో రైలెక్కి తొమ్మిదిన్నరకి పలాసలో దిగాను. టికెట్ వంద లోపే. భావనపాడుకి నౌపడాలో దిగితే దగ్గర, కానీ నాకు పలాసలో పనుంది. సిలిండరు మీద ఎన్ని గ్రాములుండాలో చెక్కి ఉంటుంది. అంతకంటే తగ్గితే గ్యాస్ పోయినట్టే, అది పనికిరాదు. ఇంట్లో కూరగాయలు తూచే కాటాకి అంత సూక్ష్మం తెలీదు. నాతో పదో తరగతి చదివిన పైడిరాజుకి పలాసలో జీడిపప్పు కొట్టుంది, సరుకు నమూనా తూచే చిన్న కాటా ఉంది. మూడు సిలిండర్లూ దాని మీద పెట్టి చూశాడు. "ఏటే ఇది, సోడా మిసను పెట్టావేటి?" అన్నాడు. మూడింటి బరువూ సరిపోయింది. పావుకిలో జీడిపప్పు గుండ్లు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

పలాస నుంచి టెక్కలికి బస్సులో ముప్పావుగంట, యాభై రూపాయల లోపు. అక్కడినుంచి భావనపాడుకి షేర్ ఆటోలుంటాయి గానీ, నేను మూడున్నర వందలకి ఆటో మాట్లాడుకున్నాను. నౌపడా దాటాక రెండు పక్కలా ఉప్పు మడులే. డ్రైవరు నా సంచీ కేసి చూసి "ఏటండీ అది, పేరాసూటా?" అని నవ్వాడు. సంగతి చెప్పాను. "మా బావ ఇరవయ్యేళ్ళ నించి ఏటకెళ్తన్నాడు, జాకెట్టూ లేదు గీకెట్టూ లేదు" అన్నాడు. మరి మీరూ వెళ్తారా అనడిగితే, "నానా? అమ్మో, నాకు నీళ్ళంటే బయ్యం!" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

శాం కయాక్‌ని ఎర్రయ్య అనే జాలరి పాకలో ఉంచుతాడు, ఆ రోజు నాకంటే ముందే అక్కడికి చేరాడు. మేం నీళ్ళలోకి వెళ్ళినప్పుడు ఎర్రయ్య తన పడవలో వెనకే వస్తాడన్నది ఏర్పాటు. వాళ్ళావిడ నూకమ్మ నన్ను చూడగానే చాప వేసి టీ ఇచ్చింది. పన్నెండింటికి కయాక్‌ని ఒడ్డుకి చేర్చి, నా జాకెట్‌ని సీటు మీద పెట్టి, చెప్పులు విప్పుకుంటున్నాను. ఈ లోపల నూకమ్మ చెంబుతో వచ్చింది. అక్కడ కొత్త వలైనా కొత్త తెడ్డైనా మొదటిసారి నీళ్ళలోకి దిగేముందు పసుపునీళ్ళు పోయకుండా పంపరు. కొత్త బండి కొంటే మేం ప్రార్థన పెట్టించుకోమా, అలాగే ఇదీ. ఆవిడ "సల్లగా ఎల్లి సల్లగా రాండి" అంటూ చెంబుడు పసుపునీళ్ళూ జాకెట్ మీదే గుమ్మరించింది. ఠప్ మంది. బుస్సుమంటూ జాకెట్ సీటు మీద లేచి కూర్చుంది. నూకమ్మ చెంబు వదిలేసి వెనక్కి పడింది. "ఓలమ్మో! పామేటి?"

శాం పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను ఇసకలో కూలబడ్డాను. ఇంకో రెండు సిలిండర్లున్నాయి గానీ బిళ్ళ లేదు. విశాఖ కొట్టతనికి ఫోన్ చేస్తే, ఈ రకంలో బిళ్ళ లేకపోయినా సిలిండరు బిగించి తాడు లాగితే పనిచేస్తుందని, అన్ని రకాలూ అలా కావని చెప్పాడు. "అంటే ఇక మీరే లాగాలి మేడమ్" అన్నాడు. నేను డబ్బుపోసి తప్పించుకున్న పని మళ్ళీ నా చేతికే వచ్చింది.

నా మొహం చూసి శాం నవ్వు ఆపాడు. "పోన్లే అక్కా, బిళ్ళ తెప్పించి ఇంకోసారి ఎల్దాం" అన్నాడు. వాడు మంచికే అన్నాడు, నాకు మాత్రం అందులోనూ "రావులే" వినిపించింది. ఊదే గొట్టం నొక్కి గాలి పిండేసి, కొత్త సిలిండరు గట్టిగా బిగించి, జాకెట్ వేసుకుని, కాళ్ళ మధ్య పట్టీ కూడా కట్టుకున్నాను. "ముందు ఇక్కడే మునిగి లాగుతాను. లాగగలిగితే పడవెక్కుతాను. లేకపోతే సాయంత్రం రైలుకి పోతాను, ఇంకెప్పుడూ నన్నడక్కు" అన్నాను.

సముద్రం ఆటు మీదుంది, నీళ్ళు తీసి ఏట్లో నడుం లోతే ఉన్నాయి. ఎర్రయ్య నా పక్కనే నిలబడ్డాడు. రెండుసార్లు గడ్డం దాకా దిగి లేచిపోయాను. శాం పరిగెత్తుకొచ్చి "నాను పట్టుకుంతానుండు" అని నా భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు తెలిసింది నాకు. కాలవలో నేను తన్నింది నీళ్ళని కాదు, నా ముక్కు మూసిన చేతిని. "వద్దు! ఎవరూ పట్టుకోవద్దు!" అని అరిచాను. ఎర్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "నానట్టుకోనమ్మా, ఇక్కడే ఉంతాను. ములగాల్సింది నువ్వే, లెగాల్సింది నువ్వే."

ఎర్ర తాడు కొన పిడికిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, మోకాళ్ళు మడిచేశాను. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళాయి. చుట్టూ నిశ్శబ్దం. లాగాను. మెడకింద ఏదో గట్టిగా తన్నింది, మరుక్షణం వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తున్నాను. దగ్గొచ్చింది, ముక్కు మండింది, ఏడుపూ వచ్చింది. ఒడ్డున నూకమ్మ చప్పట్లు కొడుతోంది. ఇంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు.

చివరి సిలిండరు బిగించి ఒంటిగంటకి బయల్దేరాం. వెనక ఎర్రయ్య పడవ. గంటన్నర తెడ్డేశాం. అటువైపు సరుగుడు తోట దాకా వెళ్ళి, మట్టి దిబ్బ మీద గూడబాతులు రెక్కలారబెట్టుకుంటుంటే చూసి వెనక్కి తిరిగాం. తాడు మళ్ళీ లాగాల్సిన అవసరం రాలేదు. నూకమ్మ చేసిన నెత్తళ్ళ పులుసుతో అన్నం తిని, జాకెట్‌ని బోరు నీళ్ళతో కడిగి పాక నీడలో ఆరేశాను. ఉప్పు అలా వదిలేస్తే సిలిండరు మర తుప్పుపడుతుంది, ఎండలో పెడితే గుడ్డ చెడుతుంది. బిళ్ళ ఉన్న జాకెట్ అయితే కడిగే ముందు బిళ్ళ, సిలిండరు తీసెయ్యాలి. లేకపోతే నూకమ్మ పసుపునీళ్ళ కథే.

రైల్లో తిరిగొస్తూ ఆలోచించాను. ముప్పై మూడేళ్ళు నీళ్ళంటే భయమని చెప్పుకు తిరిగాను. ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే నాకు ఊపిరాడలేదేమో అని ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. మర్నాడు ఆదివారం శాం మామూలుగానే ఫోన్ చేశాడు. చివర్లో, "మళ్ళీ ఎప్పుడొత్తావక్కా?" అన్నాడు. మీరు ఇలాంటి జాకెట్ కొంటే సిలిండరొకటి ఎక్కువ కొనండి. అది ప్రయాణానికి కాదు. నడుం లోతు నీళ్ళలో, తెలిసినవాళ్ళు రెండడుగుల దూరంలో నిలబడి చూస్తుంటే, ఎవరూ పట్టుకోకుండా మీ చేత్తో మీరే ఒకసారి లాగడానికి.