ఖాళీ స్థలం మీద వేలిమచ్చలు

ఊరిని కొలిచినవాడికి ఊరు తెలిసిపోతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తిచేసి, జేబులో మూడు రకాల పెన్సిళ్లు, చంకలో గీతలు గీసే ఒక పొడవాటి టీ స్క్వేరు పెట్టుకుని, రోజూ పొద్దున్నే హరిశ్చంద్రపురంలో పాసింజరెక్కి పలాసలో దిగేవాడిని. (ఆ టీ స్క్వేరుతో బయట నాకు పనేమీ ఉండేది కాదు. కానీ అది చంకలో ఉంటే రైల్లో ‘ఇంజినీరు గారూ, కాస్త జరుగుతారా’ అనేవాళ్లు. లేని రోజున ఉత్త ‘జరుగు’ అనేవాళ్లు.) విశాఖలో ఒక ప్లానింగు కంపెనీ పలాస జంట ఊళ్లకు ‘పట్టణ పునరుజ్జీవన ప్రణాళిక’ తయారుచేసే పని తీసుకుని, ఊరంతా కొలిచి పటం గీయడానికి నన్ను పెట్టుకుంది. ప్రణాళిక పేరు మొదటిసారి విన్నప్పుడు స్టేషను దగ్గర కిళ్లీ కొట్టు మావయ్య నన్ను ఆపి, “పునరుజ్జీవమంటే పోయినోణ్ని లేపడం కదేటి బావూ? మన ఊరెప్పుడు పోనాది? నాకెవులూ సెప్పనేదే!” అన్నాడు. నేను టీ స్క్వేరు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, అదంతా టెక్నికల్ విషయమన్నాను. నాకూ తెలియదని దాని అర్థం.

కొలతల్లో నాకు తోడు మా అక్క మొగుడు. టేపు రెండో కొస పట్టుకునేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ‘టేపు బావ’ అనేది. పని జీడిపాకంలా సాగుతోందని విశాఖ సారు ఫోనులో విసుక్కునేవారు. జీడి ఊళ్లో పని ఇంకెలా సాగుతుందని నేను ఫోను పెట్టేశాక ధైర్యంగా జవాబు చెప్పేవాడిని. ఆ తొందరలోనే ఒకనాడు మధ్యాహ్నం పిక్కల వీధి మొదట్లో నిలబడ్డాం. అది ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టే వీధి. ఆవేళ బట్టీల మీద పిక్కలు వేపుతున్నారు. వేగుతున్న పిక్కల పొగ ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకు చెప్పినా తెలియదు. కళ్లు మండి, ముక్కు కారి, నేను బతికున్నానన్న సంగతి ఒక్క దగ్గు వల్లే తెలుస్తోంది. మసక మసకగా కనిపించిందల్లా నేల నిండా ఆరబోసిన పిక్కలు, ఆ వెనక బస్తాలో గుట్టలో తెలియని ఏవో పొట్టి పొట్టి ఆకారాలు. వీధి మొదట్లో ఉన్న బోరింగు దగ్గర ఎవరో ఒకామె జాలిపడి చెంబుతో మా చేతుల్లో నీళ్లు పోసింది. కడుపునిండా తాగి మొహం కడుక్కున్నాం.

“రైలు టైమైపోతంది బావా,” అన్నాడు టేపు బావ కళ్లు తుడుచుకుంటూ. “పిక్కలు తప్ప ఏటీ నేదిక్కడ. ఖాళీ అని రాసీ.”

రాసేశాను. అంటే, అసలేమీ రాయలేదు. పటంలో ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, పార్కులకు ఆకుపచ్చ వేయాలి. ఖాళీ స్థలానికి ఏ రంగూ లేదు, ఉత్త కాగితం తెలుపే. కాబట్టి నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పుకు ఒక్క చుక్క సిరా కూడా ఖర్చు కాలేదు. ఆ తెల్లటి జాగా చూసి విశాఖ సారు ఎంతో ముచ్చటపడి, ‘ఊరి నడిబొడ్డున ఇంత స్థలం ఖాళీగా ఉందా!’ అని దాని మీదుగా ఎనభై అడుగుల రోడ్డుకు రెండు ఎర్ర గీతలు లాగి, పక్కన కూరగాయల మార్కెట్టు పెట్టారు.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. పటాన్ని కమ్యూనిటీ హాల్లో ప్లైవుడ్ పలక మీద పిన్నులతో బిగించి, పక్కన ఒక అట్టపెట్టె పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు ఆటో ఊరంతా తిరిగి, అభ్యంతరాలూ సలహాలూ ఉంటే తెల్ల కాగితం మీద రాసి వారంలోగా పెట్టెలో వేయాలని చాటింది. నాకిచ్చిన ఆజ్ఞ ఒక్కటే: రంగులు వేసిన అసలు పటం అదొక్కటే, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నాలుగు రోజులపాటు ఎవరూ ముట్టుకోలేదు. అసలెవరూ రాలేదు. వచ్చిన ఒకరిద్దరు ఆకుపచ్చ పార్కు చూసి అందులో ఉయ్యాల ఎక్కడ వేస్తారని అడిగి వెళ్లారు.

అయిదో రోజు మధ్యాహ్నం పిక్కల వీధి ఆడవాళ్లు పని మధ్యలోంచి లేచి, పిక్కల నూనెకు తోలు ఊడకుండా చేతులకు రాసుకున్న బూడిదతోనే వచ్చారు. ముందు పిక్కల పెద్దమ్మ. బాప్టిస్టు చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఆవిడది. ఆవిడ మొదలుపెడితే హార్మోనియం వెనక నుంచి పరుగెత్తుకు రావలసిందే. స్త్రీల సమాజంలో మా అమ్మకు స్నేహితురాలు కూడా. అందుకని నా ఇంజినీరు హోదా ఆవిడ ముందు పనిచెయ్యలేదు.

“ఒరే గుంటడా, రోడ్డు మా వీధిలోంచి ఎల్తదని మైకోడు సెప్పినాడు. మా వీధేదిరా ఇందులో? సూపించు.”

నేను కర్రతో చూపించాను.

“ఇదేటి? సుట్టూరా పసుపు రాసి మా కాడ తెల్లగా వొదిలీసినావు?”

“అది... ఖాళీ స్థలం పెద్దమ్మా.”

“ఖాళీయా?” అని ఆవిడ వెనక్కి తిరిగింది. “ఒలే, ఇన్నారా? మన వీధి ఖాళీ అట. మరి నిన్న నాను వండుకుని తిన్నది ఎవుల ఇంట్లోనే?”

“నా మొగుడు తాగీసొచ్చి పడిపోయిన అరుగు ఎవులిదే?” అంది ఇంకొకామె. హాలంతా నవ్వు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. పటానికి ముక్కు ఆనించి చూస్తోంది.

“ఈ సున్నా ఏటి?”

“బోరింగు, పెద్దమ్మా.” (నిజమే. ఆ వీధి మొత్తంలో నేను అంగుళం తేడా లేకుండా గుర్తు పెట్టింది అదొక్కటే.)

“ఓలమ్మో! నీళ్లు తాగిన కాడ గురుతెట్టినాడు, నీళ్లు పోసినదాని ఇల్లు మరిసిపోనాడు! ఆవేళ నీకు సెంబుతో పోసింది నానే కదరా!”

నేను కుర్చీలో కొంచెం కిందికి జారాను. ఆమె గొంతు తగ్గించింది. అది ఇంకా భయంగా ఉంది. “మూడు తరాల్నించి ఉంటన్నాం నాయనా. మీ విశాఖ బాబు ఈ తెలుపు సూసి, ఎవులూ నేరనుకుని మిషను తోలించీత్తే, ఎక్కడికెల్లాల మేం?”

“కాగితం మీద రాసి పెట్టెలో వెయ్యాలి పెద్దమ్మా,” అన్నాను. నా గొంతు నాకే ఆ అట్టపెట్టెలోంచి వస్తున్నట్టు వినిపించింది.

“రాయడమెందుకు? ఇల్లు ఇక్కడున్నాదని సూపిత్తే సాలదా? బోరింగుకి తూరుపు పక్క రెండోది నాది.” అంటూ ఆవిడ బొటనవేలు తెచ్చి ఆ తెలుపు మీద గట్టిగా అద్దింది.

“ముట్టకండి!” అని నేను లేచేసరికి అయిపోయింది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె సంగతి మీకు తెలుసో లేదో. చేతికంటితే తోలు ఊడుతుంది, బట్టకంటితే బట్ట చిరిగేదాకా ఉంటుంది. కాగితం మీద కాఫీ గింజ రంగులో, అచ్చంగా ఒక ఇల్లంత మచ్చ పడింది. ఆవిడ పక్కకు జరగగానే రెండో ఆమె, “దాన్ని ఆనుకున్నది మాది” అంది. మచ్చ. “గోడ ఒకటే, గుమ్మాలు రెండు.” మచ్చ. “మా అత్తది కూడా నానే ఎట్టీనా? అది మంచం మీదున్నాది.” మచ్చ. నేను ప్రతిదానికీ ముట్టకండి ముట్టకండి అంటూనే ఉన్నాను. వాళ్లు నన్ను తోసుకుని కాదు, నా చంక కిందుగా, రేషను క్యూ కన్నా పద్ధతిగా వచ్చి తలా ఒక వేలు పెట్టి వెళ్లారు. వాళ్లు వెళ్లాక లెక్కపెట్టాను. బోరింగుకు అటూ ఇటూ రెండు వరసల్లో ఇరవై మూడు మచ్చలు.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. తుడవబోయాను. ముందు రబ్బరుతో, తర్వాత బ్రెడ్డు ముక్కతో (అది డ్రాఫ్ట్స్‌మన్ల పాత కిటుకు), చివరికి కిరసనాయిలుతో. కిరసనాయిలు పడ్డ మచ్చలు తుడుచుకుపోవడం మాని హాయిగా వెడల్పయ్యాయి. పూరిళ్లన్నీ నా చేతిమీదుగా డాబాలైపోయాయి. టేపు బావ వచ్చి చూసి చాలాసేపు ఆలోచించి, “కొబ్బరి సెట్లని సెప్పీ బావా. ఉద్దానం తోటల పక్కన ఊరు, సెట్లు నేకపోతేనే ఇడ్డూరం,” అన్నాడు. బావ మేధావి అని మా అక్క అనేది. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఆఖరి రోజు విశాఖ సారు వచ్చారు. హాలు నిండింది. పిక్కల వీధి ఆడవాళ్లు వెనక చాపల మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పెట్టె తెరిచారు. అందులో ఒక పెళ్లి శుభలేఖ, దోమల మందు కొట్టించమని ఒక అర్జీ, నా చేతిరాత బాగుందని పేరు లేని ఉత్తరం ఒకటి ఉన్నాయి. (ఆ ఉత్తరం చేతిరాత కూడా నాదేనని టేపు బావ తర్వాత చాలామందికి చెప్పాడు.) సారు సంతోషంగా, “అయితే రోడ్డుకు అభ్యంతరాలేమీ లేనట్టే,” అని పటం వైపు తిరిగి ఆగిపోయారు.

“ఇవేమిటయ్యా?”

నా ముందు మూడు దారులున్నాయి. మరకలంటే, పటం పాడుచేసినందుకు ఉద్యోగం పోతుంది. ఇళ్లంటే, దొంగ కొలతలు వేసినందుకు ఉద్యోగం పోతుంది. చెట్లంటే, ఏమీ పోదు. ‘కొబ్బరి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వెనక వరసలో పెద్దమ్మ నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. బోరింగు దగ్గర చెంబు వంచే ముందు, దోసిలి సరిగ్గా పట్టానో లేదోనని చూసినట్టు చూస్తోంది.

“ఇళ్లు సార్,” అన్నాను.

“ఖాళీ స్థలమన్నావుగా?”

“అన్నాను సార్.”

“చూసే రాశావా?”

“పొగ సార్.”

“పొగేమిటి?”

వెనక నుంచి పాట ఎత్తుకునే గొంతు లేచింది. “పొగ మాదే బాబూ. పిక్కలు ఏపుతన్నాం ఆవేళ. గుంటడి కళ్లు మండిపోనాయి. తప్పు ఆడొక్కడిదే కాదు, సగం మాది రాసుకో. ఇళ్లు మాత్రం మొత్తం మావే.”

హాలు గొల్లుమంది. సారు నవ్వలేదు గానీ గొడుగు తీసుకున్నారు. అందరం వెనక నడిచాం. ఆ పూటా బట్టీలు వెలిగే ఉన్నాయి. వీధి మొదట్లోనే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశారు. నాకెందుకో కొంచెం న్యాయం జరిగినట్టనిపించింది. అయినా ఆయన వెనక్కి తిరగలేదు. గుమ్మం గుమ్మం ముట్టుకుంటూ చివరిదాకా నడిచి లెక్కపెట్టారు.

“ఇరవై రెండే ఉన్నాయేమ్మా. పటంలో ఇరవై మూడున్నాయి.”

పెద్దమ్మ ఏమాత్రం తొణకకుండా వీధి చివర మూలనున్న పిచ్చి మొక్కలు చూపించింది. “అది మా ప్రార్థన మందిరం బాబూ.”

“ఎక్కడ?”

“ఇంకా కట్టనేదు. అభ్యంతరాలుంటే సెప్పమన్నారు, ఇళ్లు సూపించినాం. సలహాలు కూడా సెప్పమన్నారంట కదా. అది సలహా.”

సారు అక్కడే గోడకు పటం ఆనించి (దాన్ని మోసినవాణ్ని నేనే), ఎర్ర పెన్సిలుతో రోడ్డు గీతలు రెండూ వంచారు. పిక్కల వీధిని తప్పించి, ఇరవై మూడో మచ్చను కూడా తప్పించి, రోడ్డు నడుం వంచుకుని పక్కకు తిరిగింది. నా ఉద్యోగం పోలేదు. ఆ వీధిని మళ్లీ మొదటి నుంచి, రోజూ బట్టీలు వెలిగే వేళకే వెళ్లి కొలవమన్నారు. కొలిచాను. నీళ్లు మాత్రం అడక్కుండానే పోసేవాళ్లు. ఆ తర్వాత ఆయన వేరే ఊళ్లలో పటం పక్కన సిరా ప్యాడు పెట్టించి, ‘మీ ఇంటి మీద వేలు పెట్టండి’ అనేవారని విన్నాను. అది తన కొత్త పద్ధతని చెప్పుకునేవారట. కిరసనాయిలు సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

రోడ్డు పడడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. కూరగాయల మార్కెట్టు పటంలోనే ఉండిపోయింది. మొన్నామధ్య పని మీద పలాసలో దిగి ఆటో ఎక్కాను. (చంకలో టీ స్క్వేరు లేదు, పక్క సీటాయన నన్ను ‘జరుగు’ అనే అన్నాడు.) తిన్నగా పోతున్న ఆటో ఒకచోట ఒక్కసారిగా పక్కకు ఒరిగింది.

“సూడండి సార్,” అన్నాడు డ్రైవరు. “గీత గీసినట్టొచ్చిన రోడ్డు, ఇక్కడికొచ్చీసరికి వొంకర తిరిగిపోనాది. ఏ ఎదవ కొలిచినాడో గానీ!”

ఆ ఎదవ నాకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్లవాడు, జేబులో మూడు పెన్సిళ్లుండేవి, ఊరంతా తనకు తెలుసనుకునేవాడు. చెబుదామనుకున్నాను. ఇంతలో మలుపు మూల మీద నీలం రంగు వేసిన చిన్న ప్రార్థన మందిరం కనిపించింది. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. పెద్దమ్మ గొంతు కాదు, ఆవిడ పోయి చాలాకాలమైంది. కానీ హార్మోనియం మాత్రం పాత అలవాటు కొద్దీ వెనక నుంచి పరుగెత్తుకొస్తోంది.

“కొంచెం నెమ్మదిగా పోనీ బాబూ,” అన్నాను. “ఇక్కడ ఇళ్లున్నాయి.”

డ్రైవరు అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. “ఉన్నాయి కదేటి సార్. కనిపిత్తన్నాయి.”