కొబ్బరినీళ్ళు తాగిన ఇంజను

చౌడయ్య గారు పొద్దున కాఫీ తాగే ముందు స్టీలు గ్లాసు అంచు మీద గోటితో ఒకసారి తడతారు. ఆ మోత విన్నాకే తాగుతారు. గ్లాసొక్కటే కాదు, చేతికందితే గ్యాస్ సిలిండర్, గేటు గడియ, కూరగాయల బండి తక్కెడ, దేన్నీ వదలరు.

"గ్లాసు బానే ఉంది, తాగండి. చల్లారాక మళ్ళీ నన్నే అంటారు," అంటుంది ఆయన భార్య రేణుక.

రైల్వే షెడ్డులో బాయిలర్ల దగ్గర పనిచేసినప్పుడు అబ్బిన అలవాటది. లోపల విరిగిన బోల్టు బయటికి కనపడదు. చిన్న సుత్తితో తట్టి చూడాలి. మంచి ఇనుము గంటలా మోగుతుంది. పాడైనది పగిలిన కుండలా పలుకుతుంది. చౌడయ్య గారిది మంగళగిరిలో నేతపని చేసే కుటుంబం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం చేతకాక బెజవాడ వచ్చి షెడ్డులో ఖలాసీగా, చేతికింద పనివాడిగా చేరారు. ఆయనకు సుత్తి పట్టడం నేర్పింది గ్యాస్ వెల్డరు యేసుబాబు. ఇద్దరిదీ ఒకటే వయసు.

ఆవిరి ఇంజన్లకు కాలం చెల్లినప్పుడు వాటిని ముక్కలుగా కోసే పని కూడా వాళ్ళ చేతులకే వచ్చింది. పగలు ఇంజన్లు కోస్తూ, సెలవు రోజుల్లో తుక్కు కొని తెచ్చుకుని ఇద్దరూ ఒక చిన్న ఇంజను కట్టారు. చిన్నదంటే బల్ల మీద పెట్టే బొమ్మ కాదు. మనిషి పడుకున్నంత పొడవు. లోపల నిజం బాయిలర్, నిజం మంట, నిజం ఆవిరి. లావుపాటి ఇనప గొట్టాన్ని తెచ్చి బాయిలర్‌గా మలిచింది యేసుబాబు. దాని అతుకులన్నీ అతనివే. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా ఉంటాయి. చక్రాలూ, పిస్టన్లూ చౌడయ్య గారివి.

ఏటా దసరాకి రైల్వే క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలంలో పట్టాలు పరిచి దాన్ని నడిపేవాళ్ళు. వెనక తగిలించిన ట్రాలీ మీద పిల్లలు కూర్చునేవాళ్ళు. ముందుగా చౌడయ్య గారు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజను నీళ్ళ తొట్టిలో పోసేవారు. తొట్టిలోంచి అవి బాయిలర్‌లోకి పోయేవి.

"ఒరే చౌడా, నువ్విట్టా ఏటా తీపి పోస్తా ఉంటే దీనికి షుగరొచ్చిద్ది రా," అనేవాడు యేసుబాబు.

"రానీ. మందులు నువ్వేద్దువుగాని."

రిటైరయ్యాక ఇంజను సింగ్‌నగర్‌లో యేసుబాబు ఇంటికి చేరింది. మెట్ల కింద దాని చోటు. యేసుబాబు ముందటేడు ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. సమాధి దగ్గర చౌడయ్య గారు అందరితోపాటు పిడికెడు మట్టి వేశారు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నారు. ఏడుపు రాలేదు. రాలేదని బాధా కలగలేదు. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు ఎక్కువైనా, అసలు వేయకపోయినా ఆయన ఏమీ అనడం లేదని రేణుక కనిపెట్టింది. ఒకసారి కావాలనే ఉప్పు మానేసి చూసింది. ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నారు.

మరుసటేడు ఊరి పక్క బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. నీళ్ళు తీశాక చౌడయ్య గారు వెళ్ళేసరికి ప్రతి ఇంటి ముందూ పరుపులు, ఫ్రిజ్‌లు, ఉబ్బిపోయిన బీరువాలు గుట్టలుగా పడి ఉన్నాయి. యేసుబాబు భార్య సుగుణ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చీపురుతో బురద తోస్తోంది. ఇనప సామాన్ల బండివాడు మెట్ల కింద బురద ముద్దలా ఉన్న ఇంజనుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"అది కాదు బాబూ, అది ఇవ్వను," అని వాడికి చెప్పి, ఆమె చౌడయ్య గారి వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఇది బాగవుద్దా?"

"చూడాలమ్మా."

"నడవకపోయినా పర్లేదండీ. కూత పెడితే చాలు. దసరాకి ఆ కూత వినే నేను స్టవ్ కట్టేసి బయటికొచ్చేదాన్ని. ఒక్కసారి వినాలనుంది."

"చూస్తానమ్మా," అన్నారు మళ్ళీ. ఇంజన్ను ట్రాలీ ఆటోలో సత్యనారాయణపురంలో తన ఇంటికి తెచ్చి వసారాలో దించుకున్నారు.

పని నెలల తరబడి సాగింది. బురద ఎండి సిమెంటులా పట్టుకుపోయింది. మొదట పుల్లతో, తరవాత కిరసనాయిలు గుడ్డతో తీశారు. చక్రాలు ఊడదీసి ఇరుసులకు పట్టిన తుప్పు గీకారు. పిస్టన్లు పట్టేస్తే నూనె పోసి వారాలు ఊరబెట్టి, చెక్క సుత్తితో కొంచెం కొంచెంగా కదిలించారు. కంచు ఈల మాత్రం చింతపండుతో తోమగానే మెరిసింది. ఏది వదులైనా, ఏది కదిలినా ఆయన ముఖం ఒక్కలాగే ఉండేది. రేణుక టీ తెచ్చి పక్కన పెట్టేది. కొన్నిసార్లు అది అలాగే చల్లారిపోయేది.

అన్నీ అయ్యాక బాయిలర్ మిగిలింది. అది నిలిస్తే ఇంజనుకు ఆవిరి, ఆవిరితో కూత. నిలవకపోతే లేదు.

బాయిలర్‌ను ఆవిరితో పరీక్షించరు. పేలితే మనిషి పోతాడు. నిండా నీళ్ళు నింపి చేతి పంపుతో ఒత్తిడి పెంచుతారు. నీళ్ళకైతే పేలుడు ఉండదు, కారుతుంది అంతే. చౌడయ్య గారు నీళ్ళు నింపి, మూతలు బిగించి పంపు కొట్టడం మొదలుపెట్టారు. ఒత్తిడి మీటరు ముల్లు సగం దాకా లేచి ఆగింది. ఇంకా కొట్టారు. లేవలేదు. ఒంగి చూస్తే బాయిలర్ అడుగున చెమట పట్టినట్టు తడి. కారింది అతుకుల దగ్గర కాదు. అతుకులు పొడిగా ఉన్నాయి. రెండు అతుకుల మధ్య గొట్టమే చిల్లులు పడింది. సుత్తితో తట్టారు. పగిలిన కుండ.

నీళ్ళు వంపేసి లోపలికి టార్చి వేసి చూశారు. చిల్లులు వరద బురద వల్ల అనుకున్నారు. బురద పోయింది గానీ, దాని కింద అడుగంతా నల్లటి పెచ్చు ఉంది. స్క్రూడ్రైవరుతో కొంచెం గీకి నలిపి వాసన చూశారు. మాడిన బెల్లం పాకం వాసన. ఆ పెచ్చు కిందే ఇనుము చీమలు తొలిచినట్టు గుంటలు పడి ఉంది.

ఆ ఆదివారం సింగ్‌నగర్ వెళ్ళారు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన సుగుణ కుర్చీ వేసింది.

"బాయిలర్ పోయిందమ్మా. వరద వల్ల కాదు. నేను పోసిన కొబ్బరినీళ్ళ వల్ల."

సుగుణ టీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"అది ఆయనకి ఎప్పుడో తెలుసండీ. ప్రతి దసరా అయ్యాక కూచుని బాయిలర్ కడిగేవాడు. వేడినీళ్ళు పోసి, గొలుసు లోపలేసి ఊపి ఊపి కడిగేవాడు. ఆ గోలకి నాకు తలనొప్పొచ్చేది. మీకెందుకీ బాధ, పొయ్యద్దని అన్నయ్యగారికి చెప్పొచ్చుగా అన్నాను. వాడు భక్తితో పోస్తాడే, నాకేం, కడిగితే పోయిద్ది అన్నాడు. చివర్లో మోకాళ్ళు పట్టేశాయి. కింద కూర్చోలేకపోయాడు. ఆ చివరి దసరాలకే కడగలేదు."

చౌడయ్య గారు టీ తాగారు. గ్లాసు కింద పెట్టారు. గోటితో తట్టలేదు.

"రెండు దారులున్నాయమ్మా," అన్నారు. "ఆటోనగర్‌లో కొత్త బాయిలర్ కట్టించొచ్చు. కూత అచ్చం పాతదే వచ్చిద్ది. కానీ వాడు చేసింది తీసెయ్యాలి. లేదంటే వాడిది అట్టాగే ఉంచి టైర్ల షాపులో గాలి ఉంటదే, ఆ గాలితో నడపాలి. మంట ఉండదు, ఆవిరుండదు. కూత అదోలా ఉంటది."

"ఫ్రిజ్ తీసేశాం, మంచం తీసేశాం. ఆయన బట్టలు కూడా తీసేశాను, బూజు పట్టాయని. ఇది ఉండనివ్వండి."

పనికిరాదని తేలిన బాయిలర్‌కు ఎవరికైనా కనపడేలా పెద్ద చిల్లు పెట్టడం షెడ్డులో పద్ధతి. ఎప్పుడో ఎవరో తెలియక దాని కింద మంట వేయకుండా. ఎంత మంచి బాయిలరైనా, ఎవరు కట్టినదైనా అంతే. చౌడయ్య గారు వసారాలో డ్రిల్లు పెట్టి, యేసుబాబు అతుకులకు తగలకుండా మధ్యలో చూసుకుని చిల్లు పెట్టారు. ఇనప రజను కాగితం మీద పడింది. కాగితం మడిచి చెత్తబుట్టలో వేశారు.

"అయిపోయిందా?" అంది రేణుక లోపలి నుంచి.

"అయింది."

గాలి గొట్టాన్ని ఆ చిల్లులోంచే లోపలికి పంపి పిస్టన్లకూ ఈలకూ కలిపారు.

సుగుణ ఇంటి ముందు దాన్ని నడిపిన రోజు కాలవ పక్క టైర్ల షాపాయన గాలి యంత్రాన్ని రిక్షాలో పంపాడు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. చక్రాలు తిరిగాయి. ఇంజను పట్టాల చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. పొగ లేదు. చౌడయ్య గారు అలవాటుగా బాయిలర్ మీద అరచెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఈల తీగ లాగారు.

సుగుణ విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత, "జలుబు చేసినట్టుందండీ గొంతు," అంది.

"అవునమ్మా."

"ఇంకోసారి."

ఆయన మళ్ళీ లాగారు.

ఇంజను ఇప్పుడు సుగుణ వసారాలో ఉంది. బుడమేరు నీళ్ళు గోడ మీద మిగిల్చిన గీతకు జానెడు పైకి వచ్చేలా సిమెంటు దిమ్మె కట్టి దాని మీద పెట్టారు. చౌడయ్య గారికి అరవై ఆరేళ్ళు. నెలకోసారి సైకిలు మీద సింగ్‌నగర్ వెళ్ళి చక్రాలకు నూనె వేసి వస్తారు.